కాలువ కట్టిన నెల

ఏప్రిల్ నెలాఖరుకి ధవళేశ్వరంలో తలుపులు దించేస్తే
మూడోనాటికి మా లాకు కింద కాలువ అడుగు చూపించేది.
పిల్లలు మట్టగిడసల కోసం బురదలోకి దిగేవారు,
పల్లాలరావు సున్నం బకెట్టుతో
ఇసకమేట ఆరిన చోటికి దిగేవాడు.

పద్దెనిమిది మీటర్లు పొడవు, తొమ్మిది అడ్డం.
ఆఫీసు గొలుసుతో కొలిచేవాడు.
ప్రభుత్వం గొలుసుతో ప్రభుత్వం కాలువలో
వాలీబాల్ కోర్టు గీసిన లస్కరు
ఈ డెల్టాలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలీదు.

మా జట్టుకి లిఫ్టరు తను.
నేను కొట్టేవాణ్ణి, సుభానీ కొట్టేవాడు,
కృపానందం మాస్టారు గురి తప్పి
గట్టుమీద గేదెని కొట్టేవాడు.
పల్లాలరావు లేపేవాడు, అంతే.
వేళ్ళ కొసలమీద ఆనీ ఆనకుండా బంతిని తీసుకుని
మన చెయ్యి ఎక్కడికి లేవబోతోందో
అక్కడికి ముందుగానే పంపేసేవాడు.
చప్పట్లు మాకు పడేవి.
ఆ చప్పుడు వినేటప్పుడు తన మొహం చూడాలి.

పెద్దపిల్ల లోవ పుట్టిననాడు
కొత్తపేట ఆస్పత్రిలో బిడ్డనీ అలాగే పట్టుకున్నాడట,
అరచెయ్యి తగలనీకుండా, పది వేళ్ళమీద.
"బంతి కాదయ్యా, గుండెకి ఆన్చుకో" అని
కుట్లు సలుపుతున్నా నూకరత్నం నవ్విందట.
ఈ మాట తనే వెయ్యిసార్లు చెప్పాడు.
వెయ్యిన్నొకటోసారి విననన్నాను ఒకరోజు.
ఇప్పుడు చెప్పమని ఎవరిని అడగను?

అన్నీ మంచే చెబితే మీకు అబద్ధంలా ఉంటుంది.
రావులపాలెం పోటీల్లో సెమీస్, మూడో సెట్టు,
పన్నెండు పన్నెండు.
ఎవరో మోపెడ్ మీద వచ్చి కేకేశాడు,
నూకరత్నానికి ఆయాసం ఎక్కువైందని.
బంతి నా చేతిలో పెట్టి
చెప్పులైనా వెతుక్కోకుండా ఆ మోపెడ్ ఎక్కేశాడు.
ఓడిపోయాం.
రెండు నెలలు నేను మాట్లాడలేదు.
మూడో నెల్లో ఒక సాయంత్రం
టిఫిన్ క్యారేజీలో పీతల ఇగురు పట్టుకొచ్చి
మా అరుగుమీద కూచున్నాడు.
క్షమించమనలేదు, కారణం చెప్పలేదు.
"చల్లారితే నీసు వాసనొస్తుంది, తిను" అన్నాడు.
తిన్నాను.

జూన్‌లో నీళ్ళొదిలే రోజు
పొద్దున్నే నెట్టు విప్పి, మడతపెట్టి, లాకు గదిలో దాచి,
ఆ తర్వాత తన చేత్తోనే చక్రం తిప్పి తలుపెత్తేవాడు.
మట్టినీళ్ళు ముందు సర్వీసు గీతని నాకేవి.
"ఆయకట్టు ముందు, ఆట తరవాత" అనేవాడు.
అంటూ గొంతు సర్దుకునేవాడు.

ఈ ఏడు మే పద్నాలుగున
ఆట ముగిసి అందరికీ మజ్జిగ పోసి
తన గ్లాసు సగంలో ఉండగా పక్కకి ఒరిగాడు.
సుభానీ భుజం మీదికే ఒరిగాడు.
నిద్రనుకున్నాం.

తర్వాత నెట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది?
కొత్త లస్కరు కుర్రాడు, వాడిదేం తప్పు, తలుపెత్తేశాడు.
మేం వెళ్ళేసరికి నెట్టు సగానికి నీళ్ళు.
గుర్రపుడెక్క వచ్చి అల్లుకుంది.
ఎక్కణ్ణుంచో ఒక ఒట్టి కొబ్బరికాయ
వలకి తగిలి, వెనక్కి జరిగి, మళ్ళీ తగిలి.
"నెట్టు" అన్నాడు సుభానీ, అలవాటుగా.
ఎవరమూ నవ్వలేదు.
కాసేపటికి ముగ్గురం నవ్వాం.

లోవ మాటాడకుండా చున్నీ నడుముకి బిగించి దిగింది.
ఈత ఆ కాలువలోనే నేర్పాడు తను.
గుంజ పట్టుకుని పైకి లేచి కొస లాగింది.
పల్లాలరావు వేసే ముళ్ళు అంతే,
నెలంతా వడగాలికి జారవు,
విప్పేవాళ్ళకి మాత్రం ఒక్క లాగుకి వచ్చేస్తాయి.
నెట్టు నీళ్ళమీద మెల్లిగా పడుకుంది.
కొబ్బరికాయ లోవ భుజం పక్కనుంచి
అమలాపురం వైపు దొర్లుకుంటూ పోయింది.